పారా కోర్సుకి పేరొచ్చింది, కిట్ మాత్రం రాలేదు. ఏం చెయ్యాలి?

బక్కసిపాయి
పారా బేసిక్ కోర్సుకి, అంటే పారాచూట్‌తో దూకడం నేర్పేదానికి, నా పేరు వచ్చింది. వచ్చే నెల ఆగ్రాలో రిపోర్ట్ చెయ్యాలి. ఇంతవరకు సంతోషమే. జాయినింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ (ఏమేం తెచ్చుకోవాలో రాసిన కాగితం) చేతికొచ్చాక పెట్టె తెరిచి ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ పోతే అసలు సంగతి తెలిసింది. బూట్లున్నాయి, కానీ నాది 7, ఇచ్చింది 9. హెల్మెట్ ఉంది, గడ్డం కింద పట్టీకి బకిల్ విరిగిపోయింది. చీలమండకి కట్టుకునే సపోర్ట్ అసలే లేదు. స్టోర్‌లో అడిగితే "వస్తే ఇస్తాం" అంటున్నారు. ఎప్పుడొస్తుందంటే జవాబు లేదు, రిజిస్టర్‌లోకి తల దించేస్తారు.

సొంత డబ్బుతో కొనేద్దామా? ఎవరిదైనా అడిగి తీసుకెళ్దామా? లేకపోతే ఉన్నదాంతోనే వెళ్తే అక్కడ ఇస్తారా? ఈలోపు ఒంటిని ఎలా తయారు చేసుకోవాలో కూడా చెప్పండి.

గాలివాటం
9 నంబరు బూటులో 7 నంబరు కాలా? పారాచూట్ తెరుచుకోగానే నువ్వు కిందికి, బూట్లు వేరే డ్రాప్ జోన్‌కి (దిగే మైదానానికి).

పాతకాపు_హవల్దార్
నవ్వులాట తరవాత. తమ్ముడూ, రెండు జతల సాక్స్ వేసి లాగించెయ్. మా కాలంలో సైజు చూసి ఎవడిచ్చాడు? చేతికొచ్చిందే సైజు.

నర్సింగ్_అసిస్టెంట్
హవల్దార్ అన్నా, మిగతా ఏ కోర్సుకైనా మీ మాట సరే. దీనికి మాత్రం వద్దు. బూటు వదులైతే నడకలో బొబ్బలొస్తాయి, అంతటితో పోతుంది. ల్యాండింగ్‌లో అలా కాదు. బూటు నేలకి ఆనుతుంది, లోపల పాదం ఇంకా జారుతూనే ఉంటుంది. పాదం లోపలివైపుకి మడతపడి చీలమండ బెణికేది ఆ క్షణంలోనే. రెండో జత సాక్స్ ఇంకా మెత్తగా జారనిస్తుంది తప్ప పట్టి ఉంచదు.

పాతకాపు_హవల్దార్
మేం దూకలేదా మరి? కాళ్లు ఇంకా ఉన్నాయి.

నర్సింగ్_అసిస్టెంట్
మీవి ఉన్నాయి. లేనివాళ్లు ఈ గ్రూపులో రాయడానికి మిగల్లేదేమో, అందుకే అందరూ బాగానే దూకినట్టు కనిపిస్తుంది.

స్టోర్‌బాబు
రిజిస్టర్‌లోకి తల దించే జాతి వాణ్ణి నేనే. మా వైపు కథ కూడా వినండి. బూట్లు మేం కుట్టం. కంపెనీ నుంచి సైజ్ రోల్ (ఎవరి సైజు ఎంతో రాసిన జాబితా) వస్తుంది, దాని ప్రకారం డిపోకి ఇండెంట్, అంటే కావాలనే కాగితం, వెళ్తుంది. సైజ్ రోల్ ఎలా తయారవుతుంది? ఫాలిన్‌లో (అందరినీ వరసల్లో నిలబెట్టినప్పుడు) ఎవడో "నీ సైజెంత" అని అరుస్తాడు, వెనక వరసలోవాడు వినపడక "తొమ్మిది" అంటాడు, అదే రాసుకుంటారు. డిపో నుంచి 9 వస్తే తప్పు స్టోర్‌ది!

బక్కసిపాయి, "వస్తే ఇస్తాం" అన్నారంటే నీ డిమాండ్ నోటిమాటగానే ఉందని అర్థం. కాగితం పెట్టు. కోర్సు తేదీ, జాయినింగ్ ఇన్‌స్ట్రక్షన్ కాపీ, నీ క్లోతింగ్ కార్డులో ఏ సైజు రాసి ఉందో, నీకు కావలసిన సైజు ఎంతో అన్నీ రాసి సీనియర్ జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) ద్వారా క్యూఎంకి (స్టోర్ చూసే క్వార్టర్‌మాస్టర్‌కి) పంపించు. కాగితం ఉంటే స్టోర్‌కి మూడు దారులు తెరుచుకుంటాయి. పక్క కంపెనీతో సైజు మార్పిడి, వేరే యూనిట్ నుంచి లోన్ ఇష్యూ (అరువు), డిపోలో లేదని ఎన్‌ఏసీ (లేదనే సర్టిఫికెట్) తీసుకుని లోకల్ పర్చేజ్. ఈ మూడింట్లో మొదటిది ఒక పూటలో అయిపోతుంది. 7 నంబరు కాళ్లకి 9 వచ్చిందంటే 9 నంబరు కాళ్లవాడు ఎవడో 7 వేసుకుని కుంటుతూ ఉంటాడు, వాణ్ణి వెతుకు.

గాలివాటం
పెళ్లి సంబంధంలా చెప్పావు కదా స్టోర్‌బాబూ. రెండు వైపులా జాతకాలు కలవాలి.

మెరూన్_కల
నాకో సందేహం. అక్కడికి వెళ్తే వాళ్లే ఇస్తారు కదా అన్నీ? ఎయిర్‌ఫోర్స్ వాళ్ల స్కూలు, వాళ్ల దగ్గర లేనిదేముంటుంది?

సుబేదార్_రిటైర్డ్
ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఆగ్రాలో పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్ వాయుసేనది, నిజమే. మెయిన్ పారాచూట్, అది తెరుచుకోకపోతే వాడే రిజర్వ్, వాటిని ఒంటికి కట్టే పట్టీల హార్నెస్ స్కూలువే. వాటిని నువ్వు తీసుకెళ్లవు, తీసుకెళ్లినా ముట్టనివ్వరు. మడతపెట్టేవాడు వేరు, దాని రికార్డు మీద సంతకం ఉంటుంది, విమానం ఎక్కేముందు తనిఖీ చేసేవాడు వేరు. ప్రాణం నేరుగా ఆధారపడే సామాను విషయంలో కొరత అనే మాటే ఉండదు. లేకపోతే ఆ రోజు జంప్ ఉండదు, అంతే.

నీ ఒంటికి నీ కొలతతో పట్టాల్సినవి, అంటే బూట్లు, బట్టలు, జాయినింగ్ ఇన్‌స్ట్రక్షన్‌లో నీ పేర రాసినవి, యూనిట్ బాధ్యత. స్కూలుకి వచ్చే ప్రతివాడి కాలు కొలత స్కూలుకెలా తెలుస్తుంది? కాబట్టి "వాళ్లే ఇస్తారులే" అనుకుని బయల్దేరకు. ఆ కాగితంలో "స్కూలు ఇస్తుంది" అని ఉంటే ఇస్తుంది. "ట్రైనీ తెచ్చుకోవాలి" అని ఉంటే తెచ్చుకోవాలి. ఫలానా కోర్సులో ఇచ్చారట, మా బావమరిది చెప్పాడు, అలాంటి కబుర్లు గేటు దగ్గర పనిచెయ్యవు.

మెరూన్_కల
అంటే కిట్ తక్కువైతే వెనక్కి పంపేస్తారా?

కిటికీసీటు
మా వాడొకణ్ణి రిపోర్టింగ్ రోజే ఆర్‌టీయూ చేశారు, అంటే యూనిట్‌కి తిప్పి పంపేశారు. బూట్ల అడుగు ఊడిపోయి ఉంది. మళ్లీ నామినేషన్ రావడానికి ఏడాది పట్టింది.

చిన్నమేఘం
మా బ్యాచ్‌లో ఒకడికి లోన్ మీద ఇప్పించారు, ఎవరూ వెనక్కి పంపలేదు. పై నుంచి ముందే సిగ్నల్ (అధికారిక సందేశం) వెళ్లిందట, ఈ వస్తువు తక్కువ ఉంది, ఏర్పాటు చెయ్యగలరా అని.

కిటికీసీటు
తేడా అక్కడే ఉంది. మావాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లాడు, దొరికిపోయినట్టు కనిపించాడు. మీవాడు చెప్పి వెళ్లాడు.

సుబేదార్_రిటైర్డ్
అవును. యూనిట్ ద్వారా ముందే అడిగించు. నువ్వు సొంతంగా ఫోన్ చెయ్యకు.

బక్కసిపాయి
స్టోర్‌బాబు అన్నా, కాగితం ఇవాళే రాస్తాను. 7 నంబరులో నలిగే ఆ 9 నంబరు వాడి కోసం కూడా వెతుకుతున్నా. సొంతంగా కొనడం గురించి ఎవరూ చెప్పలేదు. నెట్‌లో జంప్ బూట్లని బోలెడు ఉన్నాయి. పక్కన జిప్ ఉన్నవి కూడా ఉన్నాయి, తొడుక్కోవడం తేలిక.

బెన్నింగ్_బ్రహ్మం
జిప్పా? ఆగక్కడ.

నేను అమెరికా ఆర్మీలో ఉన్నాను, ఎయిర్‌బోర్న్ స్కూల్ చేసింది ఫోర్ట్ బెన్నింగ్‌లో. మూడు వారాలు: గ్రౌండ్ వీక్, టవర్ వీక్, జంప్ వీక్. అయిదు జంపులైతే వింగ్స్, అంటే పారాట్రూపర్ బ్యాడ్జి. మీ రూల్స్ మీవి, కానీ పారాచూట్ తాళ్లకి దేశం తెలియదు. స్టాటిక్ లైన్ జంపులో, అంటే విమానానికి తగిలించిన తాడే పారాచూట్‌ని తెరిచే జంపులో, నీ వీపు మీది సంచి తెరుచుకుని తాళ్లన్నీ నీ పక్క నుంచే సర్రున పోతాయి. ఒంటి మీద పొడుచుకొచ్చినది ఏదున్నా, కొక్కెం, బకిల్, జిప్ లాగే నాలిక, లేసు తొందరగా బిగించే హుక్కులు, తాడు దానికి తగులుకోవచ్చు. మా దగ్గర అలాంటి లోహపు ముక్కలన్నింటి మీదా టేప్ వేయించేవారు, లేసు చివర్లు లోపలికి దోపించేవారు. కనక బూటు కొనాలంటే సాదా రంధ్రాల లేసు, చీలమండ పైకి ఎత్తు, మడమ దగ్గర గట్టిదనం. అందం చూడకు.

గాలివాటం
"పారాచూట్ తాళ్లకి దేశం తెలియదు". దీన్ని టీ షర్టు మీద వేయించండి.

సుబేదార్_రిటైర్డ్
బ్రహ్మం చెప్పినది సరైనదే. ఇంకో మాట చేరుస్తాను. కొన్నది యూనిఫాం రూల్స్‌కి సరిపోవాలి, నీ ఆఫీసర్‌కి చూపించి ఒప్పించుకోవాలి. లేకపోతే డబ్బూ పోతుంది, బూటూ పెట్టెలోనే ఉంటుంది. లేని వస్తువు కంటే ఆమోదం లేని వస్తువు ఎక్కువ ప్రమాదం. వస్తువే లేకపోతే నిన్ను ఆపుతారు. తప్పుడుది ఉంటే ఒక్కోసారి ఆపరు, విమానం తలుపు దాకా వెళ్లిపోతావు.

పాతకాపు_హవల్దార్
సీనియర్ల దగ్గర అరిగిన బూట్లు దొరికితే అవే బంగారం. తోలు మెత్తబడి ఉంటుంది. కొత్త బూట్లతో కోర్సుకెళ్లడం అంత తెలివితక్కువ ఇంకోటి లేదు. దీనికీ నర్సింగ్ తమ్ముడు అడ్డుపడతాడేమో చూద్దాం.

నర్సింగ్_అసిస్టెంట్
సగం ఒప్పుకుంటాను, సంతోషమా? కొత్తవి తొడుక్కుని కోర్సుకెళ్లకూడదు, నూటికి నూరు శాతం. కానీ ఎవరిదో బూటు ఆ మనిషి అడుగు తీరుకి అరిగి ఉంటుంది. మడమ ఒకవైపు అరిగిన బూటు వేసుకుంటే దిగకముందే నీ చీలమండ ఒకవైపు వాలి ఉంటుంది. బల్ల మీద బూటు పెట్టి వెనకనుంచి చూడు. నిటారుగా ఉందా, ఒరిగిందా? ఒరిగితే వద్దు.

సాయంత్రం_పరేడ్
బూట్లు నీళ్లలో నానబెట్టి తడిమీదే నడిచి ఆరబెడితే కాలి ఆకారం వస్తుందంటారుగా?

స్టోర్‌బాబు
అడుగు కుట్టిన పాత తోలు బూట్ల రోజుల సలహా అది. ఇప్పటి చాలా బూట్లకి అడుగు అచ్చుపోసో అంటించో ఉంటుంది. నానబెడితే జిగురు వదులుతుంది. కిటికీసీటు వాళ్ల మనిషి బూటు ఎందుకు ఊడిందో నాకు అనుమానంగానే ఉంది.

కిటికీసీటు
😶 నేనేం చెప్పను.

నర్సింగ్_అసిస్టెంట్
మెత్తబరచడానికి అడ్డదారి లేదు. మొదట బ్యారక్‌లో తొడుక్కుని తిరగడం, తరవాత చిన్న నడక, తరవాత బరువుతో నడక, ఆఖర్న పరుగు. ఎర్రబడిన చోట ముందే టేప్ వెయ్యాలి, బొబ్బ వచ్చాక కాదు.

బెన్నింగ్_బ్రహ్మం
చీలమండ సపోర్ట్ సంగతి అలాగే ఉండిపోయింది. మా దగ్గర బూటు బయట వేసుకునే బ్రేస్ ఉంటుంది. దాని మీద బెన్నింగ్‌లోనే పరీక్ష చేసి 1998లో ఫలితాలు అచ్చువేశారు. పాదం లోపలికి మడతపడే బెణుకులు బ్రేస్ లేనివాళ్లలో 1.9 శాతం, వేసుకున్నవాళ్లలో 0.3 శాతం. తరవాత ఖర్చు పేరు చెప్పి కొన్నాళ్లు ఆపారు, మళ్లీ తెచ్చారు. అంటే పనికొచ్చే వస్తువే.

మెరూన్_కల
అయితే బక్కసిపాయి ఇవాళే ఒకటి కొనెయ్యాలి!

నర్సింగ్_అసిస్టెంట్
నెమ్మది. ఆ అంకెలు బూటు బయట వేసే, గట్టి పక్కలున్న, ఆ పనికే చేసిన బ్రేస్‌వి. మందుల షాపులో దొరికే సాగే గొట్టం పట్టీ బూటు లోపల వేసుకుంటే ఆ ఫలితం రాదు. పైగా బూటు ఇరుకై రక్తం ఆడదు. రెండోది, 1.9 అనే అంకెని కూడా చూడండి. బ్రేస్ లేకుండా దూకినవాళ్లలో నూటికి తొంభైఎనిమిది మందికి ఆ రకం బెణుకు రాలేదు. దిగే పద్ధతి నేర్పడం వల్ల వచ్చిన ఫలం అది. జాయినింగ్ ఇన్‌స్ట్రక్షన్‌లో ఏ రకం అని రాశారో ముందు చదువు, బ్రహ్మం అన్న దేశంలో వాడేది నీకు అనుమతిస్తారని అనుకోకు.

బక్కసిపాయి
"యాంకిల్ సపోర్ట్ (ఉంటే)" అని ఉంది. ఇప్పుడే మళ్లీ చదివాను. అంటే తప్పనిసరి కాదు!

గాలివాటం
సగం పెట్టె ఖాళీ అని గోల పెట్టి, బ్రాకెట్ చదవలేదా బాబూ.

చరిత్రపురుగు
మోకాళ్లకి ప్యాడ్లు ఎవరూ ఎత్తలేదేం? రెండో ప్రపంచ యుద్ధం ఫొటోల్లో జర్మన్ పారాట్రూపర్లందరికీ పెద్ద పెద్ద మోకాలి ప్యాడ్లు ఉంటాయి. అవి వాళ్ల పారాచూట్ తీరు వల్ల వచ్చాయి. హార్నెస్ పట్టీలు భుజాల మీద కాక వీపు వెనక ఒకచోట కలిసేవి. మనిషి ముందుకి వంగి వేలాడేవాడు, తాళ్లు పట్టుకుని దిశ మార్చలేడు, నేల మీద ముందుకి చేతులూ మోకాళ్ల మీద పడేవాడు. అందుకని ప్యాడ్లు, చేతి తొడుగులు. బ్రిటిష్, అమెరికన్ పద్ధతిలో భుజాల దగ్గర రైజర్లు (హార్నెస్‌ని పారాచూట్ తాళ్లకి కలిపే పట్టీలు) ఉంటాయి, నిటారుగా దిగి పక్కకి దొర్లుతారు. అక్కడ చీలమండ ముఖ్యం.

అంటే కిట్ లిస్టు పారాచూట్‌ని బట్టి పుడుతుంది. వీడియోలో ఎవరో వేసుకున్నారని ఇంకో దేశం లిస్టు చూసి కొంటే డబ్బు దండగ.

పాతకాపు_హవల్దార్
చరిత్రపురుగూ, రిజర్వ్ పారాచూటే లేకుండా దూకినవాళ్ల సంగతి చెప్పు. ఈ కాలం పిల్లలు బకిల్‌కి ఏడుస్తున్నారు.

చరిత్రపురుగు
బ్రిటిష్ వాళ్లు ఆ యుద్ధమంతా రిజర్వ్ లేకుండానే దూకారు. కానీ దాన్ని ధైర్యానికి కొలతగా చూపించడం నాకు నచ్చదు. యుద్ధం అయ్యాక వాళ్లే రిజర్వ్ పెట్టుకున్నారు కదా.

కొరతకి ఇంకా మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. మన పారా ట్రైనింగ్ 1941లో ఢిల్లీ విల్లింగ్‌డన్ ఎయిర్‌పోర్టులో మొదలైంది, తరవాత ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న చక్లాలాకి మారింది. కాన్పూర్‌లో పారాచూట్ ఫ్యాక్టరీ పుట్టింది కూడా ఆ 1941లోనే. తరవాత బర్మా యుద్ధంలో అడవిలో ఉన్న సైన్యానికి విమానాల నుంచి సామాను జారవిడవాలి, కావలసినన్ని పారాచూట్లు లేవు. అక్కడి బ్రిటిష్ సేనాని జనరల్ స్లిమ్ మనుషులు కలకత్తా జనపనార మిల్లుల్ని పట్టుకుని జనపనారతో పారాచూట్లు చేయించారు. జనపనారని ఇంగ్లిష్‌లో జ్యూట్ అంటారు కదా, అందుకే పారాజ్యూట్లని పేరు. బియ్యం, మందుగుండు, మేత అన్నీ వాటితో దించారు, పనిచేశాయి.

కానీ మనుషుల్ని మాత్రం వాటికి కట్టలేదు. బస్తా పగిలితే ఇంకో బస్తా వేస్తారు. జుగాడ్‌కి గీత ఎక్కడ గియ్యాలో వాళ్లకి తెలుసు.

స్టోర్‌బాబు
ఈ పోస్టు ప్రింటు తీసి మా స్టోర్ గోడకి అంటిస్తున్నా. హెల్మెట్ బకిల్ తీగతో కట్టి తెచ్చేవాళ్లకి చూపించాలి.

బక్కసిపాయి
...నేను తీగతో కట్టేద్దామనే అనుకుంటున్నా. ఇంకా కట్టలేదు.

సుబేదార్_రిటైర్డ్
కట్టకు. తీగ చివర పొడుచుకొస్తుంది, బ్రహ్మం చెప్పిన తాళ్ల సంగతి అక్కడా వర్తిస్తుంది. ఇంకా ముఖ్యం, పారాచూట్ తెరుచుకునేటప్పుడు ఒంటికి పెద్ద కుదుపు తగులుతుంది. పట్టీ సరిగ్గా లేని హెల్మెట్ ఆ కుదుపుకి ముందుకి జారి కళ్లకి అడ్డం పడుతుంది, లేదా ఊడిపోతుంది. నీ తల మీద హెల్మెట్ లేకపోవడం ఒక ప్రమాదం, అది కిందున్నవాడి మీద పడటం ఇంకో ప్రమాదం. పట్టీ సొంతంగా కుట్టించుకోవద్దు, హెల్మెట్‌కి బెజ్జం అసలే పెట్టొద్దు. బెజ్జం పెట్టిన హెల్మెట్ దెబ్బ తట్టుకుంటుందని ఎవడూ హామీ ఇవ్వడు. మార్చి ఇమ్మని అడుగు. బకిల్ విరిగిన హెల్మెట్ నీ ఇబ్బందిగా కనిపిస్తోంది కానీ, అది స్టోర్ లెక్కలో వాడకానికి పనికిరాని వస్తువు. ఆ మాట కాగితం మీద రాస్తే వాళ్లు కూర్చోలేరు.

స్టోర్‌బాబు
కూర్చోలేం. నిజమే.

మెరూన్_కల
దిగేటప్పుడు అసలు ఎంత వేగంతో తగుల్తాం? గోడ మీంచి దూకినంతేనా?

బెన్నింగ్_బ్రహ్మం
మా పాత టీ-10 పారాచూట్‌తో సెకనుకి 22 నుంచి 24 అడుగులు. ఇప్పటి టీ-11తో 19 దాకా. లెక్క వేస్తే పాతది ఏడున్నర నుంచి తొమ్మిది అడుగుల గోడ మీంచి దూకినంత, కొత్తది అయిదున్నర అడుగుల గోడంత. కానీ గోడ మీంచి దూకితే గాలి నిన్ను పక్కకి ఈడ్వదు. మా ట్రైనింగ్ జంపులకి గాలి హద్దు 13 నాట్లు. సెకనుకి 22 అడుగులు! కిందికి పడే వేగమంత వేగం పక్కకి కూడా ఉంటుంది. అసలు చిక్కు అది. అందుకే నిలబడి దిగాలని చూసినవాడికే కాలు విరుగుతుంది.

మెరూన్_కల
అయితే బ్యారక్ వెనక గోడ ఉంది, అక్కడ ప్రాక్టీసు మొదలుపెడతా.

నర్సింగ్_అసిస్టెంట్
బాబోయ్ వద్దు.

సుబేదార్_రిటైర్డ్
వద్దు. ఏటా ఎవడో ఒకడు ఇలాగే కోర్సుకి ముందే కట్టు కట్టించుకుంటాడు. పీఎల్‌ఎఫ్ (పారాచూట్ ల్యాండింగ్ ఫాల్, దిగగానే దొర్లే పద్ధతి) అంటే పాదాల ముందు భాగం, పిక్క పక్క, తొడ పక్క, పిరుదు, ఆ తరవాత వీపు పక్క కండ. ఈ అయిదు చోట్లకీ వరసగా దెబ్బ పంచడం. కాళ్లు రెండూ అతుక్కుని ఉండాలి, మోకాళ్లు కొద్దిగా వంగాలి, గడ్డం ఛాతీకి ఆనాలి. చదవడానికి సులువే. ఎవడూ చూడకుండా నేర్చుకుంటే మాత్రం కాళ్లు దూరంగా పెట్టడం, చెయ్యి నేలకి ఆనించడం అలవాటవుతుంది. ఆ అలవాటు మాన్పించడానికి ఉస్తాద్‌కి (నేర్పేవాడికి) రెట్టింపు పని. కొత్తవాడికి నేర్పడమే తేలిక. అక్కడ తక్కువ ఎత్తు నుంచి మొదలుపెట్టి వాళ్లే చేయిస్తారు, ఒళ్లు హూనమయ్యేదాకా.

బక్కసిపాయి
మరి ఈలోపు ఏం చెయ్యమంటారు బాబాయ్? ఖాళీగా కూర్చోలేను.

సుబేదార్_రిటైర్డ్
పరుగు ఎలాగూ చేస్తావు. పుల్లప్స్ చెయ్, రైజర్లు లాగి పట్టుకోవాలి. ఊరికే వేలాడటం కూడా చెయ్, పిడికిలి పట్టు పెరుగుతుంది. మెడని మర్చిపోతారు అందరూ. దొర్లేటప్పుడు తల వెనక్కి కొట్టుకోకుండా ఆపేది మెడే. వెల్లకిలా పడుకుని తల కొద్దిగా ఎత్తి గడ్డం ఛాతీ వైపు ఉంచి ఆపు. వణుకు మొదలయ్యాక దించు.

నర్సింగ్_అసిస్టెంట్
దానికి తోడు ఒంటికాలి మీద నిలబడటం. తేలిగ్గా అనిపిస్తే కళ్లు మూసుకుని నిలబడు, అప్పుడు తెలుస్తుంది చీలమండ ఎంత పని చేస్తుందో. మెట్టు అంచు మీద మునివేళ్లతో లేచి దిగడం, నెమ్మదిగా. ఇంతకు ముందు బెణికిన కాలైతే డాక్టర్‌కి చెప్పు, దాచకు. పాత బెణుకున్నచోటే మళ్లీ బెణకడం మామూలు.

పాతకాపు_హవల్దార్
దీనికి మాత్రం నాకు పేచీ లేదు. బూటు ఎవడైనా ఇస్తాడు, పిక్క ఎవడూ లోన్ ఇష్యూ చెయ్యడు.

గాలివాటం
హవల్దార్ అన్న, నర్సింగ్ అన్న ఒక్కమాట మీదకొచ్చారు. థ్రెడ్ మూసెయ్యొచ్చు.

కళ్లజోడు_లెఫ్టినెంట్
మూసెయ్యకండి, నాకో ప్రశ్న. నేను మెడికల్ వాణ్ణి, కళ్లజోడు లేకపోతే డ్రాప్ జోన్ పచ్చటి పొగలా కనిపిస్తుంది. పట్టీ కొన్నాను, వెనకనుంచి బిగించేది. హెల్మెట్ కింద ఆ ముడి గుచ్చుకుంటోంది.

బెన్నింగ్_బ్రహ్మం
ముడి హెల్మెట్ అంచు కిందికి, మెడ పైకి వచ్చేలా జరపండి సార్. లోహపు క్లిప్పు ఉంటే మార్చి బట్టదే తీసుకోండి. హెల్మెట్ పెట్టుకుని తల అటూ ఇటూ విదిలించి చూడాలి, కదిలితే పనికిరాదు. రెండో జోడు పెట్టెలో ఉండాలి.

చరిత్రపురుగు
లెఫ్టినెంట్ గారూ, మీ మెడికల్ కోర్‌కి పారాచూట్‌తో పాత బంధమే. మన సైన్యంలో మొదటగా పారాచూట్‌తో దూకిన భారతీయుల్లో ఒకరు డాక్టరే, రంగరాజ్. 1951 మార్చిలో కొరియాలో అమెరికన్ పారాట్రూపర్లతో పాటు దిగిన మన 60 పారా ఫీల్డ్ అంబులెన్స్‌కి కమాండర్ కూడా ఆయనే.

కళ్లజోడు_లెఫ్టినెంట్
ఆయనకి కళ్లజోడు ఉందో లేదో కూడా చెబితే ధైర్యంగా ఉంటుంది.

బక్కసిపాయి
సంగతి చెప్తున్నా. కాగితం పెట్టాను. సీనియర్ జేసీఓ సాబ్ చదివి "ఇన్నాళ్లూ నోరెందుకు మూసుకున్నావ్" అని ఒక డోసు ఇచ్చి సంతకం పెట్టారు. బూట్ల జత దొరికింది. స్టోర్‌బాబు అన్న చెప్పినట్టే సిగ్నల్స్ డిటాచ్‌మెంట్‌లో ఒకతను 7 వేసుకుని కుంటుతున్నాడు, మార్చుకున్నాం, వోచర్ మీద ఎక్కించారు. అతనివి కొంచెం వాడినవే, బల్ల మీద పెట్టి వెనకనుంచి చూశా, నిటారుగానే ఉన్నాయి. హెల్మెట్‌కి మాత్రం ఇంకా "వస్తే ఇస్తాం" దగ్గరే ఉంది. స్కూలుకి సిగ్నల్ పంపుతామన్నారు.

కిటికీసీటు
సిగ్నల్ కాపీ ఒకటి నీ ఫైల్లో పెట్టుకెళ్లు. గేటు దగ్గర "పంపారంట" అంటే వినరు.

స్టోర్‌బాబు
హెల్మెట్ కాగితంలో "బకిల్ రిపేర్" అని రాశావా, "అన్‌సర్వీసబుల్, మార్చవలెను" అని రాశావా?

బక్కసిపాయి
రిపేర్ అని.

స్టోర్‌బాబు
అదీ సంగతి. రిపేర్ అంటే వర్క్‌షాప్ క్యూలో పడుతుంది, నీ కోర్సు అయ్యాక వస్తుంది. రేపు పొద్దున్నే మార్చి రాసి పెట్టు.

మెరూన్_కల
నాకు కూడా సైజ్ రోల్ వచ్చే వారం రాస్తారట. 8 రాయించాలా, 9 రాయించాలా? పొద్దున ఒకటి సరిపోతుంది, రాత్రికి ఇంకోటి.

స్టోర్‌బాబు
రోజంతా తిరిగాక పాదం ఉబ్బుతుంది, సాయంత్రం కొలిపించుకో, కోర్సులో వేసుకునే సాక్స్‌తోనే. రెండు పాదాలూ కొలవాలి, పెద్దదాని సైజు రాయించు. ఫాలిన్‌లో వెనక వరసలో మాత్రం నిలబడకు.